ఆకుపచ్చ ప్యాంటుకి గోధుమరంగు దారం

నాకున్న అతిపెద్ద భయం ఒక్కటే. నా కొడుక్కి ఎరుపూ ఆకుపచ్చా విడివిడిగా కనిపించవేమోనని. వాడింకా పాకుతున్నాడు, రంగుల పేర్లు చెప్పే వయసు కాదు. అయినా ఆకుపచ్చ దుప్పటి మీద ఎర్రబంతి వెతుక్కోవడం కాస్త ఆలస్యమైతే చాలు, వాడి కళ్లకేసి అనుమానంగా చూస్తాను.

మా ఆయన నవ్వుతారు. ఆయనకేం, నవ్వుతారు! ఈ భయం పుట్టిన చోటే మా ప్రేమా పుట్టింది మరి.

మా నాన్న దర్జీ. ఆయన కంటికి ఆకుపచ్చా గోధుమరంగూ ఒకటే. ఆ సంగతి నాకు తప్ప ఎవరికీ తెలియదు. తెలిస్తే కొట్టుకి ఎవరొస్తారని ఆయన బెంగ. అందుకే తొమ్మిదో తరగతిలో బడి మానేసి, మిషను పక్కన స్టూలేసుకుని కూర్చున్నాను. నాన్న కుడతాడు, నేను దారం అందిస్తాను. అలా ఏడెనిమిదేళ్లు గడిచాక ఒక్కరోజు నాకు జ్వరమొచ్చింది. ఆ ఒక్కరోజే కొంప మునిగింది.

మర్నాడు సాయంత్రం వానలో ఓ కుర్రాడు కొట్లోకి వచ్చాడు. ఓ చేతిలో గొడుగు, ఇంకో చేతిలో ముదురాకుపచ్చ ప్యాంటు.

“ఎవరండీ ఇది కుట్టింది? దీని అంచుకి గోధుమరంగు దారమా? క్లాసులో పిల్లలు పాఠం వదిలేసి నా కాళ్లకేసి చూస్తున్నారు!”

నాన్న మిషను ఆగిపోయింది. నేను లేచి నిలబడ్డాను.

“నేనే కుట్టాను. నాకు రంగులు సరిగ్గా కనిపించవు. అయితే ఏంటట?”

తిడతారనుకున్నాను. ఆయన ముఖం వెలిగిపోయింది.

“నిజంగానా? అమ్మాయిల్లో చాలా అరుదండీ! నేను బయాలజీ మాస్టార్ని. అయితే మీ నాన్నగారికీ కనిపించవన్నమాట!”

“మధ్యలో ఆయన్నెందుకు లాగుతారు?”

“లాగక? అమ్మాయికి ఎక్స్ క్రోమోజోములు రెండు. ఒకటి అమ్మది, ఒకటి నాన్నది. రెండింటిలోనూ లోపముంటేనే అమ్మాయికిది వస్తుంది. నాన్నకున్నదే ఒక్క ఎక్స్. ఆ ఒక్కదానిలో లోపముంటే ఇక ఆయనకీ తప్పదు కదా?”

నాన్నని దాచబోయి నాన్ననే పట్టిచ్చేశాను! కోపమొచ్చి ప్యాంటు లాక్కున్నాను. “ఇలా ఇవ్వండి, ఇప్పుడే విప్పి కుట్టేస్తా” అంటూ గూట్లోంచి రీలు తీశాను. ముదురాకుపచ్చ. గుడ్డలో కలిసిపోయేంత సరిగ్గా.

మాస్టారు రీలుకేసి చూశారు. నాకేసి చూశారు. తలొంచుకుని మిషను చక్రం తుడుస్తున్న నాన్నకేసి చూశారు. అంతా అర్థమైపోయింది.

“కుట్టు మాత్రం ఒక్కటీ వంకర లేదండీ” అన్నారు మెల్లగా, ఎటో చూస్తూ.

ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెప్పకపోగా రోజూ రావడం మొదలుపెట్టారు. ఒకరోజు కాలరు గుండీ, ఒకరోజు చేతి గుండీ.

“మీ చొక్కాలకి గుండీలు నిలవవేంటి మాస్టారూ?”

“వంశపారంపర్యం అనుకుంటానండీ.”

“అబ్బో!”

మళ్లీ వాన పడుతున్న ఓ సాయంత్రం నల్లగుండీ ఒకటి బల్ల మీద పెట్టారు. నేను సూదిలో దారం ఎక్కిస్తుంటే, “మనం పెళ్లి చేసుకుందామా అండీ?” అన్నారు.

సూది బల్ల మీద పెట్టేశాను.

“వద్దు. పుట్టే కొడుక్కీ నాన్నలాగే అయితే? ఆ ఎక్స్ నాలోనూ ఉందని మీరేగా చెప్పారు!”

ఆయన మా గుండీల డబ్బాలోంచి ఓ తెల్లగుండీ తీసి నల్లదాని పక్కన పెట్టారు. “ఇవి మీ రెండు ఎక్స్‌లు. నల్లది మీ నాన్నగారిది. మీ అండంలోకి వీటిలో ఒక్కటే వెళ్తుంది. దానితో కలిసేది నా... నా...”

“మీ?”

“వీర్యకణం” అని గొడుగుకి చెప్పారు. మిషను వెనక నాన్న దగ్గాడు. “అది ఎక్స్ తెస్తే అమ్మాయి, వై తెస్తే అబ్బాయి. అమ్మాయైతే నా ఎక్స్ కాపాడుతుంది, చూపుకి ఢోకా లేదు. అబ్బాయైతే మీరిచ్చిందే ఆధారం. నలుపో తెలుపో, సగం సగం.”

“అంటే ఇద్దరు కొడుకులుంటే ఒకడికి తప్పదా?”

“అలా కాదండీ. పుట్టే ప్రతివాడికీ లెక్క మళ్లీ మొదట్నుంచే. ఇద్దరికీ రాకపోవచ్చు, ఇద్దరికీ రావచ్చు.”

“ఇదేనా మీరు ధైర్యం చెప్పడం?”

“అబద్ధం చెప్పి పెళ్లి చేసుకోలేనుగా! వస్తే మీ నాన్నగారిలా ఉంటాడు. ఇంత బాగా కుట్టేవాళ్లని నేను చూడలేదు. రీళ్ల మీద రంగుల పేర్లు రాసి అంటిస్తే ఆయనకి మీరు కాపలా ఉండక్కర్లేదు. దాచడం వల్లే కదండీ మీ బడి ఆగిపోయింది?”

నాన్న లేచి వచ్చాడు. నల్లగుండీ తీసుకుని, దాని చిల్లుల్లో మిగిలిన దారప్పోగు దీపం కింద పెట్టి చూశాడు.

“నాకు రంగులు తెలియకపోవచ్చు మాస్టారూ. కానీ ఈ దారం తెగింది కాదు, కత్తెరతో కోసిందని తెలుసు. రోజూ కోసుకొస్తున్నారు!”

మాస్టారి చెవులు ఎర్రబడ్డాయి. నాన్నకి అది కనిపించలేదు గానీ, నాకు బాగానే కనిపించింది.

“ఆ చీటీలేవో రాయండి” అన్నాడు నాన్న, నా తల నిమురుతూ. “ఇద్దరూ కలిసి రాయండి.”

ఆ చీటీలు ఇప్పటికీ రీళ్ల మీదున్నాయి. గిరాకీ ఏమీ తగ్గలేదు. మావాడు నిద్రపోతే నేను వదిలేసిన బయాలజీ పుస్తకం తీస్తున్నాను. వాడి కళ్ల సంగతి వాడు పెరిగాక తెలుస్తుంది. అవసరమైతే వాడి రంగు పెన్సిళ్లకీ చీటీలంటిస్తాం, అంతే.

ఇక మీకో మాట. చంటివాడితో నాకు కొట్టుకెళ్లడం కుదరడం లేదు. మీరు ఏ గుండీ కుట్టించుకోవడానికో అక్కడికి వెళ్తే గూట్లోకి ఓసారి తొంగిచూడండి. చీటీ ఊడిపోతే నాన్న ఎవర్నీ అడగడు, తనకి తోచిన రీలుకి తనే అంటించేస్తాడు. ‘ఆకుపచ్చ’ ఆకుపచ్చ మీదే ఉందో లేదో చూసి, ఆయన చెవిలో మెల్లగా చెప్పి రండి.