ఇచ్చే దారి

పైడయ్య సర్కారీ ఆఫీసులో తెర ముందు కూర్చుని, ఫైళ్ల పంపకాల గుంపుల్లో నాలుగోదాంట్లోకి దూరి, విషపుముక్క వదిలి బయటికొచ్చాడు. ఎక్కడో ఎవరి కంప్యూటరో బిగుసుకుపోయింది. దొంగ ఫైళ్లు పంచుకునేవాళ్లకి అదే శాస్తి. పురుగు దూరిందని గోలపెడతారు. ఆ పురుగుని పెంచేది చట్టమేనని వాళ్లకెవరు చెబుతారు?

ఐదో గుంపు ఊపిరిపెట్టెలది. పాత పెట్టెలకి కంపెనీ అనుమతి ఆపేసింది. కొత్తది కొనలేనివాడు ఊపిరాడక పోవాలి, అంతే. ఎవరో పుణ్యాత్ముడు పాతవాటిని మళ్లీ నడిపించే ఫైలు చేశాడు. అది ముక్కలుగా ఇంటింటికీ పాకుతోంది. ఇప్పుడు మొత్తం ఫైలున్నది గాజువాకలో సన్యాసమ్మ దగ్గరొక్కచోటే. ఆమెకిచ్చినవాళ్ల కంప్యూటర్లని నిన్న పైడయ్యే బిగించాడు. మిగతా ఇళ్లకి చివరి ముక్క రావాలి.

బిగించేముందు హెచ్చరించాలని నిబంధన. ఫోన్ చేశాడు. దించుకుని ఊరుకుంటే జరిమానాతో పోయేది, పంచినందుకు జైలని చదివి వినిపించాడు. ఆమె దబాయించలేదు, బతిమాలనూ లేదు. పొద్దున్నుంచే మొగుడు కుదురుగా ఊపిరి తీస్తున్నాడని చెప్పింది.

"మరి నీ పనైపోనాది కదా. కంప్యూటరు ఎందుకు కట్టీలేదు?" అన్నాడు పైడయ్య.

"నాకిచ్చినోడు కట్టీసుంటే మా మావ పోయీవోడు బాబూ. ఆల్ల ముక్క ఆల్లకి సేరనీ. అప్పుడేటి సేత్తావో సేసుకో."

వెనక కుర్చీలో అధికారి వర్ధనరావు నవ్వాడు. "ఏమయ్యా, మీ అత్తగారా? అన్ని కబుర్లు!"

పైడయ్య ఫోన్ పెట్టేసి సాక్ష్యం దించసాగాడు. కేసుకి పూర్తి ఫైలు కావాలి. దించేటప్పుడు తన కంప్యూటర్లోంచి బయటికి ఇచ్చే దారి మూసి ఉంచాలి. లేకపోతే గుంపు ఆనవాయితీ ప్రకారం పుచ్చుకున్న ముక్క అడిగినవాళ్లకల్లా పోతుంది. ఈ ఉద్యోగంలో చేరగానే నేర్పేది అదే.

ఫైలు దిగింది. సన్యాసమ్మ కంప్యూటర్ని బిగించాడు. ఉద్యోగం కదా. తెర మీద ఆమె చిరునామా ఆరిపోయింది. మిగతా ఇళ్లు మాత్రం అడుగుతూనే ఉన్నాయి. ఇచ్చేవాళ్లెవరూ లేరని వాటికి తెలీదు.

పైడయ్య ఇచ్చే దారి తెరిచాడు.

ముక్క కదిలింది. ఒక ఇల్లు పూర్తయింది, దాని వెనక ఇంకోటి. పూర్తయిన ప్రతి ఇల్లూ పంచడం మొదలుపెట్టింది.

వర్ధనరావు లేచొచ్చాడు. "మళ్లీ ఎవడు పంచుతున్నాడు? బిగించు."

"మనమే సార్."

వర్ధనరావు చిరునామా చదివాడు. ఈ గదిదే. పంచేవాళ్లని పట్టే జాడయంత్రాలు రాష్ట్రంలో అన్నీ దాని మీదే నడుస్తాయి. దాన్ని బిగిస్తే రేపట్నుంచి ఎవరినీ బిగించలేరు. వదిలేస్తే, పంచింది ప్రభుత్వమే.

పైడయ్య కుర్చీలోంచి లేచి పక్కకి జరిగాడు.

"నేను నొక్కను సార్. మీరు కూర్చోండి."

వర్ధనరావు కూర్చోలేదు. తెర మీద ఇంకో ఇల్లు పూర్తయింది.