ఎడమ చివరి మనిషి

ఆ రోజు ఆ ఇంటికి పాల ప్యాకెట్ల కంటే ముందు పార్సిల్ వచ్చింది. మావగారు అప్పటికే గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, ముందుగదిలో కుర్చీ లాక్కుని కూర్చున్నారు. ముప్పై ఎనిమిదేళ్ళుగా పెళ్ళిళ్ళలో ఫొటోలు తీస్తున్న మనిషి. కొత్త కెమెరా వస్తోందనగానే బళ్ళో వేసిన మొదటిరోజు పిల్లాడిలా తయారైపోయారు.

"నాన్నా, కాఫీ తాగాక విప్పుదాం" అన్నాడు కొడుకు.

"కాఫీ ఎక్కడికీ పోదు. ముందు కత్తెర ఇవ్వు."

అట్టపెట్టెలోంచి ఒక్కొక్కటీ బయటికొచ్చాయి. కొత్త డిజిటల్ కెమెరా, దానికి తగిన వైడ్ లెన్స్, రెండు ఫ్లాష్‌లు, వాటిని దూరం నుంచి వెలిగించే చిన్న రిమోట్. "పాత లెన్స్‌లో మనుషులు పట్టడం లేదురా" అని ఆయన ఎనిమిది నెలలుగా ఒకటే పాట. విని విని కొడుకు అన్నీ కలిపి తెప్పించాడు. ఆదివారం పెద్ద పెళ్ళి ఉంది మరి.

కోడలు వంటింటి గుమ్మం దగ్గరే నిలబడిపోయింది. ఇంట్లో అందరి మొహాలూ వెలిగిపోతుంటే ఆమె మాత్రం దగ్గరికి రాలేదు. మనుషులు పట్టకపోవడానికి కారణం లెన్స్ కాదని ఆ ఇంట్లో ఆమెకొక్కదానికే తెలుసు. కాదు, ఇంకొకరికి కూడా తెలుసు. ఆ ఇంకొకరు ఇప్పుడు కొత్త లెన్స్ మూత విప్పుతున్నారు.

పెళ్ళై వచ్చేనాటికి ఆమెకు కంప్యూటర్ ఎక్కడ ఆన్ చేయాలో కూడా తెలియదు. మావగారే పక్కన కూర్చోబెట్టుకుని, విసుక్కోకుండా, ఫొటోల్లో రంగులు దిద్దడం, ఆల్బమ్ పేర్చడం నేర్పారు. ఆయన తీస్తారు, ఆమె దిద్దుతుంది. ఎనిమిది నెలల కిందట ఒక పెళ్ళి గ్రూప్ ఫొటోలో ఎడమ చివర నిలబడ్డ పెద్దాయన సగమే పడ్డాడు. ఒక చెవి, ఒక భుజం, అంతే. పోనీలే, పొరపాటని ఆమె ఇంకో ఫొటోలోంచి ఆయన్ని తెచ్చి అతికించేసింది. అతుకు తెలియలేదు. తరువాతి పెళ్ళిలో ఎడమ చివర ఎవరో అత్తయ్య. ఆ తరువాత ఎవరో బావమరిది. ఎప్పుడూ ఎడమ చివరే.

ఆల్బమ్ చూసినప్పుడు మావగారి వేలు ఆ అతికించిన మనిషి మీద ఒక్క క్షణం ఆగేది. "బాగా చేశావు తల్లీ" అని పేజీ తిప్పేసేవారు. అంతకుమించి ఇద్దరూ ఒక్క మాట అనుకోలేదు. చెప్పేద్దామని ఆమె ఎన్నోసార్లు నోటిదాకా తెచ్చుకుంది. "కెమెరా పక్కన పెట్టిన రోజు నన్నూ పక్కన పెట్టేయండి" అని ఆయన ఓసారి నవ్వుతూ అన్నమాట గుర్తొచ్చి మింగేసింది. మొదటి అతుకు ప్రేమతో వేసింది. రెండోది మొదటిది బయటపడకుండా వేసింది. ఆపైన తప్పించుకునే దారి కనపడలేదు. బాగా అతికించిన కొద్దీ మరో పెళ్ళి ఒప్పుకునేవారు ఆయన.

"రండి రండి, ఇంట్లో వాళ్ళతోనే బోణీ" అని పిలిచారు మావగారు.

గోడకానుకుని ముగ్గురూ వరసగా నిలబడ్డారు. కొడుకు, కోడలు, ఎడమ చివర ఏడేళ్ళ మనవరాలు. కోడలు కూతుర్ని మధ్యలోకి లాగబోయింది.

"కదలకు తల్లీ, పొందిక చెడిపోతుంది" అన్నారాయన.

ఎడమ కన్ను మూసి, కుడి కన్ను కెమెరా వెనకున్న చిన్న గాజు కిటికీకి, వ్యూఫైండర్‌కి, ఆనించారు. వెనక తెరలో చూసి తీయడం ఆయన దృష్టిలో ఫొటో తీయడమే కాదు. ఫ్లాష్ మూడుసార్లు వెలిగింది. మనవరాలు పరుగెత్తుకెళ్ళి కెమెరా వెనక తెరలోకి తొంగి చూసింది.

"తాతా, నేను సగమే ఉన్నాను."

మూడింట్లోనూ సగమే ఉంది. కుడివైపు గోడ మాత్రం బోలెడంత ఖాళీగా పడింది. కొడుకు నుదురు చిట్లించాడు.

"ఇంత వైడ్ లెన్స్‌లో కూడా పట్టకపోవడమేంటి? పెద్ద తెర మీద చూద్దాం ఉండు."

కార్డు తీసుకుని కంప్యూటర్ దగ్గరికెళ్ళాడు. పాత లెన్స్‌తో పోల్చి చూద్దామని కిందటి పెళ్ళి ఫోల్డర్ తెరిచాడు. కోడలు "అది కాదండీ" అనేలోపే అసలు ఫొటోలు తెర మీదికి వచ్చేశాయి. ఒకటి, రెండు, పది. అన్నిట్లోనూ ఎడమ చివరి మనిషి సగమే. చివరికి బల్ల మీదున్న ఆ పెళ్ళి ఆల్బమ్ తెచ్చి పక్కన పెట్టాడు.

"ఈయన ఆల్బమ్‌లో నిండుగా నవ్వుతున్నాడు. ఇక్కడ చెవి తప్ప ఏం లేదు. ఎవరు చేశారిది?"

"నేనే" అంది.

"ఎన్నాళ్ళ నుంచి?"

"ఎనిమిది నెలలైంది."

"నాతో ఒక్క ముక్క చెప్పాలనిపించలేదా నీకు?"

"చెబితే మీరు మావయ్యని ఆపేస్తారు."

"ఆపితే కొంప మునిగేదా? ఆయన కంటికి ఏదో అయితే నువ్వు కూర్చుని బొమ్మలు అతికిస్తున్నావా?"

మావగారు గుమ్మంలోకి వచ్చారు. కెమెరా ఇంకా మెడలోనే ఉంది.

"ఆ పిల్లనేం అనకు. నాకు తెలుసు. కాస్త లెన్స్ అలవాటైతే అదే సర్దుకుంటుంది. ఆదివారం పెళ్ళికి నేనే వెళ్తాను. ఏదైనా తేడా వస్తే అమ్మాయి చూసుకుంటుంది."

ఆ చివరి మాట అంటూ ఆయన కోడలి వైపు చూశారు. ఆ చూపులో నమ్మకం ఉంది, బతిమాలడం ఉంది. ఎనిమిది నెలలుగా ఆమెను కట్టిపడేసింది ఆ చూపే.

"చూసుకోను మావయ్యా" అంది. "ఈసారి నేను అతికించను."

ఆయన కెమెరా మెడలోంచి తీసి, మూత పెట్టి, బల్ల మీద మెల్లగా ఉంచారు. తన గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నారు. మధ్యాహ్నం భోజనానికి పిలిచినా రాలేదు. కోడలు కంచం మూతపెట్టి గుమ్మం దగ్గరే కూర్చుంది. తను ఆయన చేతిలోంచి కెమెరా లాగేసుకున్నట్టే బాధపడింది. మూడింటికి తలుపు తెరుచుకుంది.

"కంటి డాక్టరు దగ్గరికి నాతో ఎవరొస్తారు?" అన్నారు, చెప్పులేసుకుంటూ.

ముగ్గురూ వెంట వెళ్ళారు. చీకటి గదిలో ఒక్కో కన్నూ మూసి, మిణుకుమిణుకుమనే చుక్కలు చూపించి, కనపడినప్పుడల్లా బటన్ నొక్కమన్నారు. డాక్టరమ్మ కాగితం ముందుకు జరిపింది. కుడి కంటి బొమ్మలో ఎడమ పక్కంతా నల్లగా ఉంది.

"కంటి నరం దెబ్బతింటోంది. పోయిన చూపు తిరిగిరాదు. ఉన్నది నిలబెట్టొచ్చు. రెండు కళ్ళూ తెరిచి ఉంటే ఒకదాని లోటు ఇంకోటి పూడ్చేస్తుంది, అందుకే మామూలు వాళ్ళకి ఏళ్ళ తరబడి తెలియదు. మీరు ఒంటికన్నుతో చూసే పని చేస్తారు కాబట్టి మీ కెమెరా ముందే చెప్పి ఉండాలే?"

"చెప్పింది" అన్నారు మావగారు. "ఎనిమిది నెలల కిందట."

"అయ్యో, అప్పుడే వచ్చుంటే ఇంకాస్త మిగిలేది."

కోడలు కుర్చీలోంచి లేచి బయటికి వచ్చేసింది. వరండాలో గోడకు మొహం ఆనించి వెక్కి వెక్కి ఏడ్చింది. ఆయన పరువు కాపాడుతున్నాననుకుంది. ప్రతి అతుకుతోనూ ఆయన చూపు కొంచెం కొంచెం తనే చెరిపేసిందని ఇప్పుడు తెలిసింది. వెనకే ఆయన వచ్చి పక్కన నిలబడ్డారు.

"నన్ను క్షమించండి మావయ్యా."

"క్షమించడానికి నేనెవర్ని తల్లీ? కెమెరా అబద్ధమాడదని తెలిసీ, నీ చేతిపనిని నమ్ముకున్నాను. నువ్వు పొద్దున కాదనకపోతే ఇంకో ఎనిమిది నెలలు అలాగే నడిపించేవాణ్ణి, మొత్తం పోయేదాకా."

భర్త మందుల చీటీతో వచ్చి ఇద్దరినీ చూశాడు. పొద్దుటి కోపం మొహంలో లేదు. "పొద్దున నీ మీద అరవకుండా ఉండాల్సింది" అని, రుమాలు తీసి భార్య చేతిలో పెట్టాడు.

ఆదివారం పొద్దున్న అందరూ తయారయ్యారు. పెళ్ళివాళ్ళకి కొడుకే ఉన్నదున్నట్టు చెప్పాడు. ఫొటోలు కోడలు తీస్తుంది. మనుషుల్ని వరసలో నిలబెట్టడం, వెలుగు ఎటునుంచి పడాలో చెప్పడం మావగారి పని. బయల్దేరేముందు కంట్లో పొద్దుటి చుక్కల మందు వేయాలి. ఆయన కుర్చీలో తల వెనక్కి వాల్చారు. కోడలు కింది రెప్ప పట్టుకుని సీసా వంచింది. చుక్క రెప్ప వెంట్రుకల మీద పడి పక్కకు జారింది.

ఆయన చటుక్కున కళ్ళు మూసుకున్నారు.

"పడిందా తల్లీ?"

ఎనిమిది నెలలుగా కప్పిపుచ్చడం అలవాటై, పడిందనడానికే నోరు తెరుచుకుంది. ఆమె సీసా మళ్ళీ కంటి పైకి తెచ్చింది.

"లేదు మావయ్యా. పడలేదు."

"అయితే మళ్ళీ వెయ్యి" అని, ఆయన కళ్ళు విప్పారు.