ఎర్రబడ్డ పేరు

బతికున్న మనిషి పేరు ఎర్రక్షరాలతో రాయకూడదు. చేజు దీవిలో పిల్లలు పెన్సిలు పట్టినప్పుడే ఈ మాట చెబుతారు. ఎందుకని అడిగిన పిల్లకు మొట్టికాయ తప్ప జవాబు దొరకదు. యనోక్‌కూ అలాగే చెప్పారు. మనసుకు చెప్పారు సరే, వేళ్లకు చెప్పేదెవరు?

ఆ మధ్యాహ్నం ఆమె ఇంటి అరుగు మీద కూర్చుని ఫోనులో శుభలేఖ రాస్తోంది. అమ్మ బు చున్‌జాకు డెబ్బై నిండుతున్నాయి. శుభలేఖలు అచ్చు వేయించే రోజులు పోయాయి. ఫోనులోనే ఒక పేజీ తెరిచి, అందులోనే రాసి, దిద్ది, చుట్టాలకు పంపేయడమే. అక్షరాలు లావు చేయడానికో బొత్తాం, వాల్చడానికో బొత్తాం, రంగు వేయడానికో బొత్తాం. అన్నీ ఆవగింజలంత. ఒకటి నొక్కబోతే పక్కది పలుకుతుంది.

నల్లటి రబ్బరు దుస్తుల్లో బయల్దేరిన అమ్మ, కూతురి భుజం మీదుగా తొంగిచూసింది.

"ఈ వాలిపోయిన అక్షరాలేంటే? నా నడుం ఇంకా వాలలేదు. నిలబెట్టు."

"అందం కోసమమ్మా."

"అందం నాకుంది, అక్షరాలకెందుకు? నా పేరు లావుగా పెట్టు. వయసు సన్నగా పెట్టు."

గేటు దగ్గర కాచుకున్న కో మల్సున్ పకపకా నవ్వింది. ఆమెకూ చున్‌జాకూ చిన్ననాటి నుంచీ స్నేహం. "వయసు దాచినా ముడతలు దాగుతాయా? రావే, నీళ్లు వెనక్కి పోతున్నాయి!"

నీళ్లమీద పట్టుకు తేలే సొరబుర్రలు భుజాన వేసుకుని ఇద్దరూ సముద్రంలోకి దిగారు. గాలిడబ్బాలేవీ లేకుండా, ఊపిరి బిగబట్టి మునిగి, అడుగున నత్తలూ శంఖాలూ ఏరుకొచ్చే హెన్యోలు వాళ్లు. పైకి తేలగానే బిగబట్టిన ఊపిరి ఈలై బయటికొస్తుంది. ఏ ఈల ఎవరిదో ఒడ్డున ఇళ్లల్లోవాళ్లకు తెలుసు. మల్సున్ పెద్దమ్మది బొంగురు. అమ్మది సన్నగా సాగి, చివర విరుగుతుంది. ఏ పనిలో ఉన్నా యనోక్ చెవి ఒకటి దానిమీదే ఉంటుంది.

కాసేపటికి పొగమంచు కమ్ముకొచ్చింది. మొదట సముద్రం మాయమైంది, తరవాత నల్లరాళ్ల ప్రహరీ. కుళ్లిన నాచు వాసన అరుగెక్కి కూర్చుంది.

యనోక్ అమ్మ పేరు మీద వేలు అదిమి, లావు చేయబోయింది. బొటనవేలు జారింది.

పేరు ఎర్రబడింది.

"అయ్యయ్యో!" వెనక్కి తిప్పే బాణం గుర్తు కోసం వెతుకుతూ వేలు కిందికి లాగింది. పేజీ మొత్తం మళ్లీ మొదటినుంచి తెరుచుకుంది. చేసిన మార్పులు వెనక్కి తిప్పే దారి మూసుకుపోయింది. నలుపు నొక్కింది. నలుపు గడి వెలిగింది. పేరు మాత్రం ఎర్రగానే ఉంది.

అప్పుడు తెలిసింది ఆమెకు... అమ్మ ఈల విని చాలాసేపయింది.

బొంగురు ఈల వినిపించింది. కాసేపాగి మళ్లీ అదే. సన్నటిది లేదు.

ఒక్కో అక్షరం చెరిపేసింది. ఆఖరి అక్షరం పోగానే, మంచులో ఎక్కడో దూరంగా... సన్నగా... ఈల. హమ్మయ్య అనుకునేలోపే తెరమీద ఒక మాట లేచింది: 'పేరు ఖాళీగా ఉండకూడదు.' పాత పేరు తనంతట తనే వచ్చి కూర్చుంది. ఎర్రగా.

ఈల మధ్యలో తెగిపోయింది.

యనోక్ ప్రహరీ దగ్గరికి పరుగెత్తింది. "పెద్దమ్మా! అమ్మేదీ?"

కింద నీళ్లలోంచి మల్సున్ గొంతు వచ్చింది. "సొరబుర్ర తేలుతోందే, మనిషి లేదు! పడవ పంపించమను! నేను మళ్లీ మునుగుతున్నా!"

యనోక్ వేసిన కేకకు పక్కింటివాళ్లు పడవ దగ్గరికి ఉరికారు. కానీ ఆ మంచులో పడవకు దారేది? ఆమె చేతిలో మిగిలింది ఫోనే.

మళ్లీ చెరిపింది. ఖాళీ గడిలో సన్నటి గీత ఎర్రగా కొట్టుకుంటోంది. ఆ పేజీ పద్ధతి ఆమెకు తెలుసు. చెరిపేది అక్షరాన్నే. రంగు అక్కడే ఉండిపోతుంది, తరవాత వచ్చేవాళ్లకు అంటుకుంటుంది.

ఎవరి పేరు రాయాలి?

ఇంటిపేరుతో సహా తన పేరు మొదలుపెట్టింది. 'హ్యన్ య...' గొంతులోకి ఉప్పునీళ్లు ఎగదన్నాయి. ఊపిరాడలేదు. చెరిపేసింది.

వేలు ఆగలేదు. 'కో' అని పడింది. ఒక్క అక్షరం. కింద మల్సున్ పిలుపు సగంలో ఆగిపోయింది.

ఛీ! అమ్మ కోసం మునిగిన మనిషి! చెరిపేసింది. కింద దగ్గు వినిపించింది.

గీత కొట్టుకుంటోంది. ఎర్రగా... ఎర్రగా...

అసలు ఎర్రక్షరాలు ఎవరివి? పోయినవాళ్లవే కదా. నాన్న! వేటకు వెళ్లి పడవతో సహా మునిగిన నాన్న. శవం దొరక్క, ఆయన చొక్కానే పాతిపెట్టారు. సముద్రం నుంచి రాగానే వాకిట్లో కుళాయి కింద తీరిగ్గా కాళ్లు కడుక్కుంటే తప్ప గడప తొక్కేవాడు కాదు.

'హ్యన్ తేసూ' అని రాసి, భద్రపరిచే బొత్తాం నొక్కింది. పేరు ఎర్రగా నిలిచింది. పేజీ ఏమీ అనలేదు.

మంచులోంచి ఒక ఈల. సన్నగా సాగి... చివర విరిగింది.

చీకటి పడే వేళకు మల్సున్ అమ్మను నడిపించుకొచ్చింది. "సముద్రపు రాజు దీని ముసలిమొహం చూసి, నాకొద్దు పొమ్మన్నాడు!" అంది. నవ్వబోయి ఏడ్చింది. కళ్లు తుడుచుకుంటూ ఇంటికి వెళ్లిపోయింది.

అమ్మ దుప్పటి కప్పుకుని వంటగదిలో కూర్చుంది. నాచు పులుసు కాగుతోంది, పక్కన రెండు గిన్నెలు.

"నాచు కాళ్లకు చుట్టుకుందే. అయిపోయింది అనుకున్నా." గొంతు తగ్గించింది. "అరికాళ్ల కింద ఎవరో చేతులు పెట్టి పైకి తోశారు."

"పెద్దమ్మేమో..."

"దాని చేతులు నాకు తెలియవా?"

యనోక్ శుభలేఖలో అమ్మ పేరు సరిచేద్దామని ఫోను తెరిచింది.

'హ్యన్ తేసూ' అలాగే ఉంది. ఆమె ఏ బొత్తామూ నొక్కలేదు. అయినా ఆ పేరిప్పుడు నల్లగా ఉంది.

వాకిట్లో కుళాయి తిరిగిన చప్పుడు. నీళ్లు రాతిమీద పడుతున్నాయి, తీరిగ్గా.

"పెద్దమ్మ... వెళ్లిపోయింది కదమ్మా?" గొణిగింది యనోక్.

అమ్మ లేచి, మూడో గిన్నె తీసింది.

బయట ఎవరో కుళాయి కట్టేశారు.