గేటు పక్క బల్ల

అలెగ్జాండ్రియాలో ట్రాము మలుపు దగ్గర మూతపడ్డ మేడ ఒకటి ఉండేది. చీకటి పడ్డాక ఆ గేటు ముందు నుంచి ఎవరూ నడిచేవారు కాదట. ఎదురు కాలిబాట ఎక్కి గబగబా దాటేసేవారట. కారణం… ఫొటోలు.

ఫొటో స్టూడియో ఫిక్రీ వాళ్ల నాన్న ప్రతి వసంత పండుగకీ ఒకే చోట నిలబడి ఆ వీధిని ఫొటో తీసేవాడు. ఆయన పోయాక ఫిక్రీ వాటిని వరసగా స్టూడియో అద్దాల కిటికీలో పెట్టాడు. జనం అప్పుడు కనిపెట్టారు. రొట్టెల దుకాణం పోయి బూట్ల కొట్టు, అదీ పోయి సెల్‌ఫోన్ల కొట్టు వచ్చాయి. గేటు పక్క బల్ల మీద మాత్రం తెల్ల తలపాగా, నల్లని ముఖం… అరవై ఏళ్లుగా అదే మనిషి. ముసలితనం రాదు, చావు రాదు.

ఈ కథ వింటే ఫిక్రీకి ఒళ్లు మండేది. తెల్లారితే మేడ కూల్చేస్తారు. ఆఖరి ఫొటో ఒక్కటి తీస్తే నాన్న మొదలుపెట్టిన వరస పూర్తవుతుంది. అదొక్కటీ కుదిరి చావడం లేదు. పగలంతా గేటుకు అడ్డంగా ఇసుక లారీ. డ్రైవర్ని బతిమాలి కదిలించేసరికి మేస్త్రీ వచ్చి తరిమాడు. సాయంత్రం సెల్‌ఫోన్ల కొట్టువాడు గేటు నిండా బ్యానరు కట్టాడు.

రాత్రి వచ్చి, కెమెరా స్టాండు నిలబెట్టి, బ్యానరు తనే పీకాడో లేదో… వీధంతా కరెంటు పోయింది.

"థూ, నా బతుకు," అనుకుని చీకట్లోనే షట్టరు తెరిచిపెట్టాడు. చాలాసేపు తెరిచి ఉంచితే కంటికి ఆననిది కూడా కెమెరాకి చిక్కుతుంది.

లోపల… ఎవరో దగ్గారు.

గేటు కిర్రుమంది. ఫిక్రీ రెండడుగులు వెనక్కి వేశాడు. తెల్ల తలపాగా ఒకటి మెల్లగా పక్కకి వచ్చి నిలబడింది… చేతిలో పొగలు కక్కే గ్లాసు.

"టీ తాగు ఉస్తాద్."

మేడ కూల్చేదాకా కాపలాకి పెట్టిన మనిషి, హసబో. హడలిపోయినందుకు ఫిక్రీకి తన మీద తనకే చిరాకేసింది. ఆ అక్కసుతోనే సంచిలోంచి పాత ఫొటోలు తీసి, ఇదిగో మీ గేటు దెయ్యం అని చేతిలో పెట్టాడు. హసబో ఫోను వెలుగులో ఒక్కొక్కటీ చూసి నవ్వాడు.

"ఇది మా తాత. ఇది మా పెదనాన్న. ఇదేమో మా నాన్న. ముగ్గురూ ఈ గేటు కాసినవాళ్లే. అరవై ఏళ్లు మీ అందరికీ రొట్టెలు తెచ్చిపెట్టారు, సామాన్లు మోశారు. ఒక్కరూ ముఖం చూడలేదు ఉస్తాద్."

ఫిక్రీ గ్లాసు అందుకున్నాడు. అన్ని ఫొటోలు తీసిన నాన్న కూడా చూడలేదు, అన్నేళ్లు కిటికీలో పెట్టుకున్న తనూ చూడలేదు. సిగ్గుతో టీ గుక్క మింగాడు. కొయ్య పొగ వాసన వేసింది.

అప్పుడు కెమెరా క్లిక్‌మంది. తెర వెలిగింది.

గేటు. గోడ. బల్ల.

బల్ల మీద… ముగ్గురు. తెల్ల తలపాగాలు. ఈసారి ఫిక్రీ ముఖాలు చూశాడు. ముగ్గురికీ అసలు పోలికే లేదు.

"హసబో… బల్ల మీద ఎవర్ని కూర్చోబెట్టావ్?"

హసబో తెర మీదికి వంగాడు. నవ్వు పోయింది.

"బల్లెక్కడిది ఉస్తాద్… పొద్దుగూకగానే విరగ్గొట్టాను. నీకు టీ కాచింది ఆ కొయ్యతోనే."