దుఃఖమున్న ఇంటికి ఎర్రకుందేలు

డిసెంబరు ఇరవయ్యో తేదీ ఉదయం. మిసో చారు తాగేసి, కింద హీటరున్న దుప్పటి బల్లలోకి కాళ్లు చాపుకుని సెత్సుకో కమలాపండు ఒలుచుకుంటోంది. కొత్త సంవత్సరం కార్డులు అరవై రెండూ అయిదు రోజుల కిందటే పోస్టుడబ్బాలో పడ్డాయి. పోస్టువాళ్లు వాటిని దాచి ఉంచి, జనవరి ఒకటిన పొద్దున్నే ఇంటింటికీ అందిస్తారు. ఇంకేం కావాలి, ప్రాణం హాయిగా ఉంది.

అచ్చు కార్డులు కొనడమంటే సెత్సుకోకి నామోషీ. పెన్సిలు గీతలు చెరిపే రబ్బరుముక్క పెద్దది తెచ్చి, జపాను లెక్కలో ఏడాదికో జంతువు కాబట్టి, వచ్చే ఏటి జంతువు బొమ్మను తనే చెక్కుతుంది. ఈసారి కుందేలు. నీగాటా నుంచి కాపురానికొచ్చి రెండేళ్లయిన కోడలు చిహయా కూడా పక్కన చేరి నేర్చుకుంది. సిరామెత్త మీద ముద్దరను తేలిగ్గా తట్టాలి, పాత పేపరు మీద ఒకసారి వేసి చూడాలి, కార్డు మీద కదలకుండా నొక్కి నిట్టనిలువునా ఎత్తాలి. "నొక్కమన్నాను గానీ పిండి పిసకమన్నానా?" అని అత్తగారు వెక్కిరించినా, చివరికి అన్నిటినీ తీసుకెళ్లి పోస్టు చేసింది ఆ కోడలే.

పండు తిన్నాక హీటరు గ్యారంటీ కాగితం కోసం సెత్సుకో కొడుకు సొరుగు తెరిచింది. అడుగున బూడిదరంగు అంచున్న పోస్టుకార్డు కనిపించింది. 'మా నాన్నగారు అక్టోబరులో కాలం చేశారు. ఈసారి కొత్త సంవత్సరం శుభాకాంక్షలు చెప్పుకోలేము, మన్నించాలి.' కింద రియోహెయి అన్న సంతకం. రియోహెయి అంటే అక్క కొడుకు. పోయింది బావగారు.

"చిహయా!"

వంటింట్లోంచి చిహయా చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"ఇదెప్పుడొచ్చింది?"

"నవంబరులో అత్తయ్యా. మీరు మోకాలి ఆపరేషనుకి ఆసుపత్రిలో ఉన్నప్పుడు. ఆయన ఆఫీసు స్నేహితుడనుకుని ఆయన కాగితాల్లో పెట్టాను."

"అనుకున్నావా? బూడిద అంచు కార్డు వచ్చిన ఇంటికి ఎవరైనా ఎర్రసిరాతో శుభమని పంపుతారా? మొగుడు పోయి ఏడుస్తున్న మా అక్క చేతిలో గంతులేసే కుందేలును పెట్టించావు కదే!"

"తప్పే అత్తయ్యా. కానీ రియోహెయి ఎవరో నాకెలా తెలుస్తుంది? మీకు అక్కగారున్నారని కూడా ఈ ఇంట్లో ఎవరూ చెప్పలేదు."

"ఎదురు మాట్లాడకు!"

చిహయా మెల్లగా అడిగింది. "మీ బావగారు పోతే మీకు ఫోను చెయ్యనిది మీ అక్కగారు. ఆ కోపం నా మీద ఎందుకు అత్తయ్యా?"

అత్త మీద కోపం దుత్త మీద అంటారు. ఇక్కడ అక్క మీద కోపం కోడలి మీద పడింది. సెత్సుకో గబుక్కున కూర్చుని చెంగల్లే ఏప్రాను మొహానికి అడ్డం పెట్టుకుంది. మంచాన పడ్డ తల్లి ఎవరింట్లో ఉండాలన్న దగ్గర అక్కాచెల్లెళ్లు మాటామాటా అనుకుని పదకొండేళ్లయింది. అప్పట్నుంచి వాళ్ల మధ్య నడిచిందల్లా ఏటా ఒక కార్డు అటు, ఒక కార్డు ఇటు. ఇప్పుడు ఆ దారం కూడా తన చేత్తోనే తెంపుకున్నట్టయింది.

"ఫోను చెయ్యండి అత్తయ్యా."

"ఏ మొహంతో? పండగ రోజులు ముగిసి జనవరి ఏడు దాటాక చలికాలపు పలకరింపు కార్డు పంపొచ్చు. దుఃఖమున్న ఇంటికి అదే పద్ధతి."

"ఈలోగా కుందేలు వెళ్లిపోతుంది కదా?"

సెత్సుకో వెళ్లి రబ్బరుముక్క తెచ్చుకుంది. ఆ పలకరింపు కార్డు కోసం ఆకుల్లేని కొమ్మ ఒకటి సగం దాకా చెక్కింది. చిహయా అడక్కుండానే రబ్బరు అందుకుని మిగతాది చెక్కింది. ఎరుపు తాకనివ్వకుండా, పలచటి నీలం సిరాతో ఇద్దరూ కలిసి ముద్దర వేశారు. పక్కన 'క్షమించు' అని రాయడానికి సెత్సుకోకి సాయంత్రం దాకా పట్టింది.

జనవరి ఒకటి ఉదయం అందరూ పండగ సూప్‌లో బియ్యపుముద్దలు తింటుండగా ఫోను మోగింది. చిహయా ఎత్తి అత్తగారికి ఇచ్చింది.

"సెత్సుకో, నేను కిమియెని."

"అక్కా, ఆ కార్డు... నాకు తెలీదక్కా. తెలిసుంటే పంపుతానా? నన్ను తిట్టు."

"తిడతానుండు, ముందు చెప్పనీ. ఏటా నూటయాభై కార్డులొచ్చే ఇల్లు ఇది. ఇవాళ అందరూ పద్ధతి పాటించారు. ఈ ఇంట్లో పండగ లేదని తెలుసు, అయినా అలవాటు కొద్దీ వెళ్లి డబ్బా తెరిచాను. నీ కుందేలు ఒక్కటే ఉంది. ఒక చెవి పొడుగు, ఒక చెవి పొట్టి."

"పొట్టిది మా కోడలు చెక్కింది."

అవతల నవ్వో ఏడుపో తెలియని శబ్దం వినిపించింది. "ఆయన పోయాక ఈ ఇంట్లో ఎవరూ గట్టిగా నవ్వలేదే. అది చూసి నవ్వాను. ఆయన ఫొటో ముందు పెట్టి చూపించాను కూడా. నీకు ఫోను చెయ్యకపోవడం నాదే తప్పు. చెప్పాక కూడా నువ్వు రాకపోతే తట్టుకోలేనని భయపడ్డాను."

సెత్సుకో కన్నీళ్లు కారుతుంటే కోడలి చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఉన్నావా?" అంది కిమియె.

"ఉన్నానక్కా. వస్తున్నాను. ఏడో తారీకు దాకా ఆగలేను, రేపే వస్తాను. నన్ను లోపలికి రానిస్తావు కదూ?"

"మోకాలి ఆపరేషను అయిందని కార్డులో రాశావుగా, జాగ్రత్త. ఆ పొట్టిచెవి పిల్లను కూడా తోడు తెచ్చుకో."