పిలవని పేరు

కొత్త ఇంట్లో ప్రార్థన పెట్టుకున్న రోజు తియుర్మా కాలు ఒకచోట నిలవలేదు. తోబా సరస్సు మీద మంచు విడవకముందే పొయ్యి రాజేసింది, పంది మాంసంలోకి కొండ మిరియాలు దంచింది, వచ్చిన ఆడపడుచులకు కాఫీలు అందించింది. ఇంత పనిలోనూ చూపు దారివైపే. ఏళ్ల తరబడి గడప తొక్కని మరిది బిన్సార్ ఈ రోజు వస్తున్నాడు.

ఆమె భర్త మంగారా చర్చి సంఘంలో పెద్ద. తండ్రి కన్నుమూసినప్పుడు తమ్ముడు దగ్గర లేడని ఆయనకు పట్టరాని కోపం. కిందటేడు గుండెనొప్పితో ఆసుపత్రిలో పడ్డప్పుడు మాత్రం భార్య చెయ్యి పట్టుకుని, ప్రభువా, నన్ను లేపితే తమ్ముడితో సమాధానపడతాను, నా ఇంట్లో వాడి స్థానం వాడికిస్తాను అని ఏడుస్తూ ప్రార్థించాడు. లేచాడు. లేచాక నాన్చి నాన్చి ఇప్పటికి కబురు పంపాడు.

బిన్సార్ వచ్చాడు. అన్నదమ్ములు చేతులు కలిపి, వానల గురించీ వరి గురించీ నాలుగు మాటలు మాట్లాడుకున్నారు. తియుర్మా మనసు కుదుటపడింది. పిచ్చి తల్లి!

ప్రార్థన ముగిసి, మాంసం వాటాలు పంచడం మొదలైంది. మా బతక్ తెగవాళ్లలో ఇది ఆషామాషీ వ్యవహారం కాదు. ఏ వరసవాడికి ఏ ముక్క అన్నది తాతలనాడే తేలిపోయింది. వాటాలు పంచే పెద్దమనిషి నలుగురిలో పేరు పెట్టి పిలిచి ఇస్తేనే ఆ మనిషి ఆ ఇంటివాడు. పేరు పిలవకపోతే కడుపునిండా పెట్టినా పస్తు పెట్టినట్టే. బిన్సార్ వంతు రాగానే ఆ పెద్దమనిషి, ఇంటి యజమాని మంగారా వైపు చూశాడు. మంగారా తల అడ్డంగా ఆడించాడు. పంచేవాడు తర్వాతి పేరుకు వెళ్లిపోయాడు.

బిన్సార్ తల వంచుకున్నాడు. తియుర్మా భర్తను వంటపాక వెనక్కి లాక్కెళ్లి, మరిది పేరు ఎందుకు పిలిపించలేదని నిలదీసింది.

"ఇంటికి పిలిచాను, చెయ్యి కలిపాను. వాడి ముక్కలు సంచిలో కట్టించి పెట్టాను. ఇంకేం చెయ్యాలి, నెత్తిన పెట్టుకోవాలా?"

"సంచిలో కట్టి ఇచ్చేది పనికొచ్చినవాళ్లకి. తోడబుట్టినవాడికి కాదు."

"మెల్లగా మాట్లాడు. నేనెంత దిగొచ్చానో దేవుడికి తెలుసు."

"దేవుడు మీ గుండెను సగమే బాగుచేసి పంపాడా? మీరు మాత్రం సగం చెల్లిస్తారేం?" అంది తియుర్మా. "మీకు నొప్పిలేనివన్నీ చేశారు. నొప్పి పుట్టే ఒక్కటీ దాచుకున్నారు. ఆయన అడిగింది ఆ ఒక్కటే."

ఇంతలో బిన్సార్ అక్కడికే వచ్చి, పడవ వేళయింది వదినా, వస్తాను అన్నాడు. అన్న ముఖం చూడలేదు, సంచి ముట్టుకోలేదు. వాకిలి దాటి సరస్సు వైపు నడిచాడు.

ఆ వీపు చూసి మంగారా గబగబా జనం మధ్యకు వెళ్లి, సంచిలోని తమ్ముడి వాటా పళ్లెంలో పెట్టి రెండు చేతులా ఎత్తి పట్టుకున్నాడు. పేరు నోటిదాకా వచ్చి ఆగింది. మళ్లీ ప్రయత్నించాడు.

"బిన్సార్! మా నాన్న రెండో కొడుకు. ఈ ఇంట్లో నా పక్క వాటా వీడిది."

దారిలో బిన్సార్ ఆగిపోయాడు. మంగారా పళ్లెంతోనే అతని దగ్గరకు నడిచాడు.

"నాన్న పోయినప్పుడు నువ్వు రాలేదని అందరికీ చెప్పాను. నా కోపం అది కాదురా. నెలల తరబడి ఆయన ఒళ్లు తుడిచింది నేను. ఆఖరి ఊపిరిలో పిలిచింది నిన్ను. అప్పట్నుంచి నీ పేరు నా నోటికి రాలేదు."

ఇన్నేళ్లు కాపురం చేసిన తియుర్మాకు కూడా ఆ మాట కొత్త. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది.

బిన్సార్ చేతులు చాచి పళ్లెం అందుకున్నాడు. కన్నీళ్లు మాంసం మీదే పడుతున్నాయి.

"ఇప్పుడు వచ్చిందిగా, అన్నయ్యా."