సూక్ష్మజీవి మొలవని చోటు

"మీరు పెట్టింది ఫంగస్ మందు. నేను పెంచేది బ్యాక్టీరియా. నాలుగు రోజుల పని ఖరాబు చేసిన్రు," అంది రాజమణి, గాజు ప్లేటు బల్ల మీద పెడుతూ.

"తప్పు నాదే మేడమ్. గానీ ఒక్కసారి వెలుతురుకు పట్టి చూడుండ్రి," అన్నాడు ప్రహ్లాద్.

అది 1982 వానాకాలం. అతను పురానాపూల్ వాడు, కాలేజీ ల్యాబులో టెక్నీషియన్. ఆమె ఉప్పుగూడ నుంచి రైల్లో వచ్చే పరిశోధక విద్యార్థిని. ప్లేటులోని బ్యాక్టీరియా ఆమె తండ్రి కృష్ణయ్య కాలి పుండులోంచి తీసిందే. మూడేళ్లుగా ఏ మందిచ్చినా తగ్గినట్టే తగ్గి మళ్లీ చీము పట్టేది.

రాజమణి విసుగ్గానే చూసింది. మందు చుక్క చుట్టూ రూపాయి బిళ్లంత మేర ఏమీ మొలవలేదు.

"ఫంగస్ పొరను పాడుచేసే మందు గదా ఇది. దీన్నెట్ల ఆపింది?"

"దీని పొరకు గూడ చిల్లు పెడుతదేమో మేడమ్. ఆ చిల్లులకెళ్లి మీ బాపుకు పనిచెయ్యని పాత మందు లోపలికి పోతే?"

ఆమె మొదటిసారి అతని ముఖంలోకి చూసింది. వాన కిటికీలోంచి బల్ల మీద పడుతున్నా ఇద్దరూ లేవలేదు.

నెల రోజులు రెండు మందులూ కలిపి పరీక్షించారు. విడివిడిగా వేస్తే పూర్తిగా చావని బ్యాక్టీరియా, కలిపి వేస్తే చచ్చింది. ఆ ఫలితంతోనే రాజమణికి బొంబాయిలో రెండేళ్ల పరిశోధనకు పిలుపొచ్చింది.

"అక్కడ వానలు మస్తుగుంటయట. గొడుగు మరవకుండ్రి," అన్నాడతను. చెప్పాలనుకున్నది అది కాదు.

ల్యాబుకు ఆమె రాసే ఉత్తరాల్లో అన్నీ అంకెలే. వాటి మధ్య ఒక్క మాట కోసం వెతికేవాడు. ఆమె క్షేమం తెలిసేది ఉప్పుగూడలోని వాళ్లింట్లోనే. డాక్టరు రెండు మందులూ కృష్ణయ్య పుండుకు వాడి చూద్దామన్నాక ప్రతి ఆదివారం కట్టు మార్చడానికి వెళ్లేవాడు; ఆ సంగతి ఆమెకూ రాశాడు. చదువు రాని కృష్ణయ్య, కూతురి ఉత్తరం అతని చేతే చదివించుకునేవాడు. అతను ఒక్కో వాక్యం రెండుసార్లు చదివేవాడు.

రెండేళ్ల తర్వాత ఒక ఆదివారం రాజమణి తిరిగొచ్చి ఇంట్లో అడుగుపెట్టేసరికి ప్రహ్లాద్ ఆమె తండ్రి పక్కన కూర్చుని ఉన్నాడు.

"కాలెట్లున్నది బాపూ?"

"మానింది బిడ్డా. మందుతోనో, ఈ పిలగాడు కడిగినందుకో, డాక్టరుకే తెల్వదు." కృష్ణయ్య నవ్వాడు. "కాలు మాని నాలుగు నెలలాయె. గీయన ఇంక వస్తనే ఉన్నడు. ఎందుకో నువ్వే అడుగు." చెంబు పట్టుకుని పెరట్లోకి నడిచాడు.

"ఎందుకొస్తున్నరు?"

"నీ ఉత్తరం చదవనీకి," అన్నాడు. ఎప్పటి 'మీరు' ఎక్కడ జారిపోయిందో అతనికే తెలియలేదు.

రాజమణి అతని ఎదురుగా చాప మీద కూర్చుంది.

"బాపుకు చదువు రాదని నాకు తెల్వదా? ఆ ఉత్తరాలు ఎవరు చదువుతరని రాసిన అనుకుంటున్నవ్?"